కాలమ్ తీసేస్తే సరిపోతుందా?

మా మెషీన్ లెర్నింగ్ మేడం క్లాసులో ఎప్పుడూ ఒక మాట అంటారు. మోడల్ ఏం నేర్చుకుంటోందో తెలియాలంటే అల్గారిథం వైపు కాదు, టార్గెట్ కాలమ్ వైపు చూడండి అని. మిడ్ ఎగ్జామ్‌కి పనికొస్తుందని అందరం నోట్స్‌లో రాసుకున్నాం. ఆ మాట హాస్పిటల్ దాకా వెళ్తుందని నాకు తెలిసింది మాత్రం 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక పేపర్ చదివాకే. రాసినవాళ్ళు నలుగురు. వాళ్ళలో జియాద్ ఓబర్‌మేయర్ డాక్టర్, సెంధిల్ ములైనాథన్ మన దేశంలో పుట్టిన ఆర్థికవేత్త.

విషయం ఇది. అమెరికాలో పెద్ద హాస్పిటళ్ళు, ఇన్సూరెన్స్ కంపెనీలు తమ దగ్గరున్న లక్షలమంది పేషెంట్లలో ఎవరికి అదనపు శ్రద్ధ అవసరమో తేల్చడానికి ఒక సాఫ్ట్‌వేర్ వాడతాయి. అది ప్రతి పేషెంటుకీ ఒక రిస్క్ స్కోర్ ఇస్తుంది. స్కోర్ బాగా ఎక్కువ ఉన్నవాళ్ళకి ప్రత్యేక నర్సు, తరచూ ఫోన్లు, త్వరగా అపాయింట్‌మెంట్లు దొరుకుతాయి. ఆ సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చే ఇన్‌పుట్లలో జాతి అనే కాలమ్ అసలు లేదు. కావాలనే తీసేశారు. అయినా ఒకే స్కోర్ వచ్చిన నల్లజాతి పేషెంటునీ తెల్లజాతి పేషెంటునీ పక్కపక్కన పెట్టి చూస్తే, నల్లజాతి పేషెంటుకే జబ్బులు ఎక్కువ ఉన్నాయి. షుగర్, బీపీ, రక్తహీనత, కిడ్నీ పనితీరు, ఏది చూసినా అంతే. ఈ తేడా సరిచేస్తే అదనపు సాయం అందుకునేవాళ్ళలో నల్లజాతీయుల వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని లెక్క తేలింది.

రేస్ కాలమ్ లేకుండా రేసిజం ఎలా వచ్చింది? టార్గెట్ కాలమ్ నుంచి. ఆ మోడల్ 'ఎవరికి జబ్బు ఎక్కువ' అని ఊహించట్లేదు. 'వచ్చే ఏడాది ఎవరి మీద ఎక్కువ ఖర్చవుతుంది' అని ఊహిస్తోంది. జబ్బుని కొలవడం కష్టం, ఖర్చుని కొలవడం తేలిక, బిల్లులు ఎలాగూ ఉన్నాయి. జబ్బు ఎక్కువైతే ఖర్చూ ఎక్కువే అవుతుంది కదా అనుకున్నారు. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి! మన రివ్యూలో ఎవరైనా ఇలా చెబితే ప్యానెల్లో ఒక్కరు కూడా ప్రశ్న వేయరు.

కానీ అన్ని జబ్బులూ సమానంగా ఉన్నప్పుడు కూడా నల్లజాతి పేషెంటు మీద ఏడాదికి సుమారు 1,800 డాలర్లు తక్కువ ఖర్చవుతోంది. వాళ్ళకి తక్కువ వైద్యం సరిపోతుందని కాదు, తక్కువ వైద్యం అందుతోందని. గంటల లెక్కన జీతం తీసుకునేవాళ్ళు హాస్పిటల్‌కి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. మంచి ఇన్సూరెన్స్ ఉండదు, స్పెషలిస్టు ఊరికి అవతలి చివర ఉంటాడు. వెళ్ళినా డాక్టర్ రాసే టెస్టులు తక్కువ. వీటన్నిటికీ తోడు డాక్టర్ల మీద నమ్మకం లేకపోవడం. ఆ అపనమ్మకం మూఢత్వం కాదు. అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా, సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి మగవాళ్ళని ప్రభుత్వ వైద్యశాఖే వైద్యం ఇవ్వకుండా 'గమనించింది'. పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వలేదు. నలభై ఏళ్ళు. మన నాన్నలు పుట్టే కాలానికి అది ఇంకా నడుస్తూనే ఉంది, లేదా అప్పుడే ఆగింది.

అంటే మోడల్ ఆ చరిత్రనంతా 'ఖర్చు తక్కువ' అనే ఒక్క అంకెగా చదివి, 'వీళ్ళు ఆరోగ్యంగా ఉన్నారు' అని తేల్చింది. ఇక్కడ కోడ్‌లో బగ్ లేదు. ఖర్చుని అది నిజంగానే బాగా ఊహించింది. ఆక్యురసీ చూపించి మార్కులు తెచ్చుకునే మనలాంటి వాళ్ళకి ఇది కొంచెం గట్టిగానే తగలాలి. పరిశోధకులు ఆ కంపెనీతోనే కలిసి, ఖర్చుతో పాటు జబ్బుల సంఖ్య కూడా లేబుల్లో కలిపి చూస్తే పక్షపాతం 84 శాతం తగ్గింది. డేటా అదే, అడిగే ప్రశ్న మారిందంతే.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనేవాళ్ళకి ఒక మాట. అమీర్‌పేట్‌లో ఏ గోడ చూసినా 'మెడికల్ కోడింగ్, ప్లేస్‌మెంట్ గ్యారంటీ' అని బోర్డు ఉంటుంది కదా. ఆ కోర్సు చేసిన అన్నలూ అక్కలూ రాత్రి షిఫ్టుల్లో చేసే పని ఏంటంటే, అమెరికా డాక్టర్ రాసిన కేసు షీటు చదివి, ప్రతి జబ్బుకీ ప్రతి చికిత్సకీ ఒక కోడ్ వేయడం. ఆ కోడ్‌ల మీదే క్లెయిమ్ వెళ్తుంది, బిల్లు పాసవుతుంది. ఇలాంటి మోడళ్ళు ట్రైన్ అయ్యేది సరిగ్గా ఆ తరహా క్లెయిమ్ డేటా మీదే. అమెరికా హెల్త్ ఇన్సూరెన్స్ సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసులు హైదరాబాద్‌లో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. మన సీనియర్లలో కొందరు ఇప్పుడు అక్కడే ఉన్నారు. రేపు మనమూ ఉంటాం.

సరే, ఇక్కడిదాకా చదివి "అయితే రేస్ కాలమ్ పెట్టేస్తే సరి" అనుకుంటే, పెట్టి చూసిన కథ కూడా ఉంది.

కిడ్నీలు ఎంత బాగా పనిచేస్తున్నాయో చెప్పే అంకె పేరు ఈజీఎఫ్ఆర్. రక్తంలో క్రియాటినిన్ ఎంతుందో చూసి, వయసూ ఆడా మగా కలిపి ఒక ఫార్ములాలో వేస్తారు. 1999లో వచ్చిన ఎండీఆర్‌డీ ఫార్ములా చివర ఒక ఇఫ్ కండిషన్ ఉండేది. పేషెంట్ నల్లజాతి అయితే ఫలితాన్ని సుమారు 1.2తో గుణించాలి. 2009లో వచ్చిన కొత్త ఫార్ములాలో అది 1.159 అయింది. కారణంగా చెప్పింది, నల్లజాతి వాళ్ళకి కండ ఎక్కువ, అందుకే క్రియాటినిన్ ఎక్కువ వస్తుంది అని. ఎవరి కండా కొలవలేదు, ఒంటి రంగు చూసి కండ ఉన్నట్టు అనుకున్నారు. జిమ్‌కి వెళ్ళే తెల్లవాడికి గుణకారం లేదు, మంచం పట్టిన నల్లజాతి ముసలమ్మకి ఉంది.

ఇప్పుడు లెక్క చూడండి. అమెరికాలో కిడ్నీ మార్పిడి వెయిటింగ్ లిస్టులో మీ గడియారం మొదలవ్వాలంటే, డయాలసిస్ మొదలవ్వాలి, లేదా ఈజీఎఫ్ఆర్ 20కో అంతకన్నా కిందకో రావాలి. ఫార్ములా ఇచ్చింది 18 అనుకుందాం. తెల్లజాతి పేషెంటైతే లిస్టులోకి వెళ్తాడు. నల్లజాతి పేషెంటైతే 18ని 1.159తో గుణిస్తే 20.9. "ఇంకా టైముంది, మళ్ళీ రండి." ఒకే రక్తం రిపోర్టు, రెండు దారులు. కిడ్నీలు పూర్తిగా చెడిపోయే ముప్పు తెల్లవాళ్ళ కంటే మూడు రెట్లకు పైగా ఉన్న జనానికి, లిస్టులోకి వెళ్ళే తలుపు దగ్గరే ఈ గుణకారం కాపలా కాసింది.

దీన్ని మార్చడానికి ఒత్తిడి తెచ్చినవాళ్ళలో మెడికల్ స్టూడెంట్లు ముందున్నారు, అది నాకు బాగా నచ్చింది. 2021లో జాతి లేని కొత్త ఫార్ములా వచ్చింది. 2022లో మార్పిడి లిస్టుల్లో పాత పద్ధతి వాడకూడదన్నారు. ఆ తర్వాత చేసిన పని ఇంకా గొప్పది. 2023 నుంచి హాస్పిటళ్ళు పాత రికార్డులు తవ్వి, ఈ గుణకారం వల్ల నష్టపోయిన నల్లజాతి పేషెంట్ల వెయిటింగ్ టైముని వెనక్కి జరపాలని రూల్ పెట్టారు. 14,000 మందికి పైగా అలా తమ కాలాన్ని తిరిగి పొందారు. కొందరికి ఏళ్ళు కలిసొచ్చాయి. తప్పు ఒప్పుకుని, సారీ చెప్పి, ముందుకెళ్ళిపోవడం వేరు. లాగ్స్ తెరిచి ఒక్కో పేరుకీ డేట్ మార్చడం వేరు. మెడిసిన్‌లో ఇలాంటిది నేను ఇంకెక్కడా చదవలేదు.

ఇంతకీ ఆ ఇఫ్ కండిషన్‌లో 'నల్లజాతి' అంటే ఎవరు? నాన్న నల్లజాతి, అమ్మ తెల్లజాతి అయితే సగం గుణించాలా? మన ల్యాబ్ రిపోర్టుల్లో మనం ఎప్పుడూ ఎల్స్ బ్రాంచిలోనే ఉన్నాం, అంటే ఫార్ములా దృష్టిలో మనమూ తెల్లవాళ్ళమూ ఒకటే. పెళ్ళిచూపుల్లో 'చామనఛాయ' అని గుసగుసలాడుకునే దేశానికి ఈ మర్యాద ఎవరిచ్చారో!

అయితే ఒంటి రంగు నిజంగానే పట్టించుకోవాల్సిన చోటు ఒకటుంది, అక్కడ మాత్రం పట్టించుకోలేదు. పల్స్ ఆక్సీమీటర్. 2021 సెకండ్ వేవ్‌లో ప్రతి ఇంట్లో అందరి వేళ్ళకీ మారిన ఆ క్లిప్పు. 94 కిందకి పడితే హాస్పిటల్, పైనుంటే ఇల్లు. మా వీధిలో ఒకే ఆక్సీమీటర్ నాలుగిళ్ళు తిరిగేది.

దాని వెనక ఐడియా జపాన్ ఇంజనీర్ తకువో అయోయాగిది, 1970లలో. వేలికి ఒక పక్క నుంచి ఎర్ర కాంతి, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపి, అవతల ఎంత చేరిందో కొలుస్తారు. ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం ఈ రెండు కాంతుల్ని వేర్వేరుగా పీలుస్తాయి. చర్మం, ఎముక కూడా కాంతిని పీలుస్తాయి కానీ అవి స్థిరంగా ఉంటాయి, నాడితో పాటు ఎగిరేది రక్తం ఒక్కటే, కాబట్టి ఎగిరే భాగాన్ని మాత్రం తీసుకుంటే చర్మం ప్రభావం కొట్టుకుపోతుంది. అద్భుతమైన ఆలోచన. సిగ్నల్ ప్రాసెసింగ్ చదివేవాళ్ళు ఒక్కసారి ఆగి చప్పట్లు కొట్టాలి. కాకపోతే అసలు మెషీన్లలో ఆ ప్రభావం పూర్తిగా కొట్టుకుపోలేదు. ఆ కాంతుల నిష్పత్తిని ఆక్సిజన్ శాతంగా మార్చే టేబుల్ ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్ల మీద తయారైంది. అమెరికా ఎఫ్‌డీఏ 2013లో ఇచ్చిన సూచనల ప్రకారం టెస్టుకి పదిమంది చాలు, అందులో నల్లని చర్మం ఉన్నవాళ్ళు ఇద్దరో లేక 15 శాతమో ఉంటే సరిపోతుంది. ఇద్దరు! మన క్లాసు ప్రాజెక్టుకి గూగుల్ ఫామ్‌లో అంతకంటే ఎక్కువ మంది దొరుకుతారు.

2020 డిసెంబర్‌లో మిషిగన్ యూనివర్సిటీ డాక్టర్లు లెక్క బయటపెట్టారు. ఆక్సీమీటర్ 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నప్పుడు, ధమని రక్తం తీసి కొలిస్తే అసలు ఆక్సిజన్ 88 కంటే తక్కువ ఉన్న సందర్భాలు తెల్లజాతి పేషెంట్లలో 3.6 శాతం, నల్లజాతి పేషెంట్లలో 11.7 శాతం. తర్వాత కోవిడ్ పేషెంట్ల మీద చేసిన మరో పరిశీలనలో, ఈ తేడా వల్ల నల్లజాతి వాళ్ళకి మందు మొదలుపెట్టాల్సిన సమయాన్ని ఆలస్యంగా గుర్తించారని తేలింది. అదే పరిశీలనలో ఆసియా మూలాల వాళ్ళకీ రీడింగ్ ఉన్నదానికన్నా ఎక్కువే చూపించింది. అంటే ఆ క్లిప్పు మన వేలికీ అబద్ధం చెప్పి ఉండొచ్చు. నిజానికి ఈ తేడా ఉందని చెప్పిన పరిశోధనలు 1990 నుంచే ఉన్నాయి. ముప్పై ఏళ్ళు ఎవరూ ఇష్యూ క్లోజ్ చేయలేదు. 2025 జనవరిలో ఎఫ్‌డీఏ పెట్టిన కొత్త ముసాయిదాలో ఆ పదిమంది 150 మంది అయ్యారు.

ఈ వ్యాసం ఐడియా చెప్పగానే మా రూమ్మేట్ అడిగిన ప్రశ్న: "అన్నీ పక్షపాతమేనా? బయాలజీలో తేడాలు ఉండవా?" మంచి ప్రశ్నే. ఉంటాయి. పశ్చిమ ఆఫ్రికా మూలాలున్న కొందరిలో ఏపీఓఎల్1 అనే జీన్‌లో ఒక రకం మార్పులు ఉంటాయి, అవి కిడ్నీ జబ్బు ముప్పుని పెంచుతాయి. నల్లజాతి అమెరికన్లలో సుమారు 13 శాతం మందికి ఆ మార్పులు రెండు కాపీల్లోనూ ఉంటాయి. అంటే మిగతా 87 శాతానికి అలా లేవు. టెస్టు చేయాల్సింది జీన్‌ని, రంగుని కాదు.

సికిల్ సెల్ జబ్బు తీసుకోండి. ఎర్ర రక్తకణం కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని, భరించలేని నొప్పి తెస్తుంది. అమెరికాలో దీనికి 'నల్లజాతి జబ్బు' అని ముద్ర పడిపోయింది. ఆ జీన్ ఉన్నది రంగు వల్ల కాదు, మలేరియా వల్ల. ఒక్క కాపీ ఉంటే మలేరియా నుంచి రక్షణ. అందుకే మలేరియా ఉన్న ఆఫ్రికాలో, అరేబియాలో, మధ్యధరా తీరంలో, మన మన్యంలో, తెలంగాణ ఏజెన్సీ ఊళ్ళలో ఆదివాసీలకి కూడా ఇది ఉంది. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ మిషన్‌లో రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. ప్రపంచంలో ఈ జబ్బుతో పుట్టే పిల్లల్లో నాలుగింట మూడొంతుల మంది సబ్ సహారా ఆఫ్రికాలోనే పుడతారు, అందరికన్నా ఎక్కువ నైజీరియాలో.

2023 డిసెంబర్‌లో అమెరికా దీనికి జీన్ ఎడిటింగ్ చికిత్సని ఆమోదించింది. క్రిస్పర్ వాడిన మొదటి మందు. టెక్ వార్తల్లో మనమందరం షేర్ చేశాం. ధర 22 లక్షల డాలర్లు. లాగోస్‌లో ఉన్న తల్లికి ఆ వార్త ఎందుకూ పనికిరాదు. ఆమెకి కావాల్సింది పుట్టిన వెంటనే బిడ్డకి రక్తపరీక్ష, పెన్సిలిన్, హైడ్రాక్సీయూరియా అనే పాత చవక మాత్ర. నా అభిప్రాయం అడిగితే ఈ రోజుకి ఆ మాత్రని ఊరూరా చేర్చడమే పెద్ద ఇన్నోవేషన్. కానీ దాని మీద స్టార్టప్ పిచ్ ఎవరూ ఇవ్వరు.

"డబ్బుంటే అన్నీ సర్దుకుంటాయి, ఇది పేదరికం సమస్య" అనేవాళ్ళూ ఉన్నారు. సెరెనా విలియమ్స్ దగ్గర డబ్బుకేం తక్కువ? 2017 సెప్టెంబర్‌లో సిజేరియన్ అయిన మర్నాడు ఆమెకి ఊపిరాడలేదు. అంతకు ముందే ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు వచ్చిన మనిషి, తనకేం జరుగుతోందో వెంటనే అర్థమైంది. సీటీ స్కాన్ తీయండి, హెపారిన్ పెట్టండి అని తనే చెప్పింది. మందుల మత్తులో ఏదో మాట్లాడుతోంది అనుకుంది నర్సు. డాక్టర్ ముందు కాళ్ళకి అల్ట్రాసౌండ్ చేశాడు, ఏమీ కనబడలేదు. తర్వాత సీటీ తీస్తే ఊపిరితిత్తుల్లో గడ్డలు! 23 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన ఆమె మాటే రెండోసారి చెబితే గానీ వినలేదు.

అమెరికా ప్రభుత్వ లెక్కల్లో 2023లో లక్ష కాన్పులకి చనిపోయిన తల్లులు, తెల్లజాతిలో 14.5, నల్లజాతిలో 50.3. డిగ్రీ చదివిన నల్లజాతి తల్లికి కూడా, హైస్కూల్ పూర్తి చేయని తెల్లజాతి తల్లి కంటే ముప్పు ఎక్కువ అని వాళ్ళ సీడీసీ లెక్కలే చెప్పాయి. వైద్యం ఉచితంగా దొరికే బ్రిటన్‌లో కూడా తేడా పోలేదు. 2016లో వర్జీనియాలో 222 మంది తెల్లజాతి మెడికల్ స్టూడెంట్లనీ రెసిడెంట్లనీ అడిగితే, నల్లజాతి వాళ్ళ చర్మం మందంగా ఉంటుంది లాంటి నిరాధార నమ్మకాల్లో కనీసం ఒకటి సగంమందికి ఉంది. అలాంటి నమ్మకాలు ఎక్కువున్నవాళ్ళు ఎదుటి మనిషి నొప్పిని తక్కువ అంచనా వేశారు. ఆ డాక్టర్లు రాసే నోట్సే రేపు ఎవరో ఒక మోడల్‌కి ట్రైనింగ్ డేటా.

కాలమ్ తీసేయడం ప్రతిచోటా తేలికేమీ కాదు, అది కూడా చెప్పాలి. ఊపిరితిత్తుల సామర్థ్యం కొలిచే స్పైరోమీటర్‌లో నల్లజాతి వాళ్ళకి 'మామూలు' అంటేనే 10, 15 శాతం తక్కువ అని సర్దుబాటు ఉండేది. దాని మూలాలు వెతికితే 1850ల నాటి బానిస తోటల డాక్టర్ శామ్యూల్ కార్ట్‌రైట్ దాకా వెళ్తాయి. 2023లో అమెరికా ఊపిరితిత్తుల డాక్టర్ల సంఘం ఆ సర్దుబాటు వద్దంది. దాంతో చాలామంది నల్లజాతి వాళ్ళ జబ్బు తీవ్రత ఇప్పుడు కాగితం మీద పెరుగుతుంది. పరిహారం కోరే కార్మికుడికి అది మంచిదే. కానీ ఊపిరి లెక్క చూసి తీసుకునే ఉద్యోగానికి వెళ్ళేవాడికి, ఆపరేషన్ చేయొచ్చా అని ఆ లెక్క చూపించాల్సిన కేన్సర్ పేషెంటుకి అదే అడ్డం కావొచ్చు. అందుకే నేను 'కాలమ్ ఉండాలా వద్దా' అనే ప్రశ్నకి ఒక్క జవాబు ఇవ్వను. ఆ స్కోర్ చూసి ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటారు, తప్పయితే ఎవరు మోస్తారు, ముందు అది అడగాలంటాను.

మనం చేయగలిగేది ఏముంది అని నిట్టూర్చేవాళ్ళకి మలోన్ ముక్వెండే గురించి చెప్పాలి. లండన్‌లో మెడిసిన్ చదువుతున్నప్పుడు అతనికి ఒక డౌట్ వచ్చింది. పుస్తకంలో 'దద్దురు ఎర్రగా ఉంటుంది', 'పెదాలు నీలంగా మారతాయి' అని రాస్తున్నారు, నల్లని చర్మం మీద అవి ఎలా కనబడతాయి? ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. 2020లో ఇద్దరు లెక్చరర్లతో కలిసి ఫోటోలతో ఒక చిన్న పుస్తకం తయారుచేసి ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టేశాడు. ఇంచుమించు మన వయసే.

మన దగ్గర ఏటా కనీసం పది టీములు 'డయాబెటిస్ ప్రెడిక్షన్' మినీ ప్రాజెక్టు చేస్తాయి. ఆ సీఎస్‌వీ ఫైల్లో 768 వరుసలున్నాయి. అందరూ ఆడవాళ్ళే, అందరూ అమెరికాలోని పీమా తెగవాళ్ళే. ఆ రెండు సంగతులూ పీపీటీలో ఎక్కడా ఉండవు. ఈసారి నేనూ ఇంకో ఇద్దరం వేరేది చేద్దామనుకుంటున్నాం. అమెరికా సీడీసీ వాళ్ళ ఎన్‌హేన్స్ సర్వే డేటా అందరికీ ఉచితంగా దొరుకుతుంది, అందులో క్రియాటినిన్, వయసు, జాతి అన్నీ ఉన్నాయి. పాత ఫార్ములా ఒక ఫంక్షన్, కొత్తది ఇంకో ఫంక్షన్, రెండూ కలిపి ఇరవై లైన్లు దాటవు. రెండిట్లో వేసి, ఎంతమంది 60 గీతకి ఇటు నుంచి అటు మారతారో, అంటే కిడ్నీ జబ్బు లేదనుకున్నవాళ్ళు ఉన్నవాళ్ళవుతారో చూడాలని ఉంది. మెడికల్ కోడింగ్ చేసే అన్నో అక్కో ఇంట్లో ఉన్నవాళ్ళు ఎవరైనా వస్తే ఇంకా మంచిది, ఆ కోడ్‌ల భాష మాకు రాదు. వచ్చేవాళ్ళు క్లబ్ గ్రూపులో మెసేజ్ పెట్టండి. టీములో ఒక ఖాళీ ఉంది, అబ్‌స్ట్రాక్ట్ ఇంకా ఇవ్వలేదు.